ఒకటికి ఎంత దూరం

పాపాఘ్నిలో ఇసుక తప్ప ఏమీ లేదు.
వంతెన మాత్రం నీళ్లున్నట్టే నిలబడింది.
కమలాపురం అవతల ఎనిమిది ఇనుప గడ్డర్లు.
తెల్లారకముందే కిందికి దిగుతాం,
ఎండెక్కితే ఇనుము సాగి అబద్ధం చెబుతుందని.

ఓబులేసు సుత్తి పట్టుకుని ముందు నడుస్తాడు.
రివెట్టు తల మీద ఒక దెబ్బ,
పక్కనే ఆనించిన చూపుడువేలు.
గట్టిదైతే ఖంగుమంటుంది,
వదులైంది తడిసిన తప్పెటలా మూలుగుతుంది.
ముప్పై ఒక్క ఏళ్ల చెవి అది.

నా పని అలుపు లెక్క.
ఇనుము పెద్ద బరువుకు భయపడదు.
మోయగలిగిందే మోస్తూ
దించగానే మళ్లీ నిటారుగా లేస్తూ
అట్లా కోటిసార్లు లేచి
ఒక మామూలు మంగళవారం
ఒక మామూలు బండి కింద తెగుతుంది.
దాటిన ప్రతి బండీ ఆయుష్షులోంచి
కంటికానని ఒక భిన్నం తీసుకుపోతుంది.
అన్నీ కూడితే ఒకటి అయిననాడు
పుస్తకం ప్రకారం, అంతే.

కూడాలంటే తెలియాలి కదా
ఇన్నేళ్లూ ఏ బండ్లు పోయాయో.
పాత రిజిస్టర్లు అడిగితే
బీరువా తెరిచి చెదపుట్ట చూపించారు.
పదిహేడేళ్ల రైళ్లు
ఒక గంపెడు మట్టి.

అందుకని పాత గేటు పక్కన
రేకుల ఇంటికి పోయాను.
గేటుమన్ పెండ్లాం హుసేనమ్మకు ఎనభై ఆరు.
"పెండ్లై ఈడికొచ్చిన యేడు కరువు పాపా.
పశువులకు గడ్డి బండ్లు పోతాండె.
గడ్డికి బరువేముంటాది,
వంతెన నవ్వినట్టుండేది.
మేం గంజి కాడ చెంబులు పట్టుకొని సూస్తాంటిమి.
మా నడిపోడు పుట్టినాక బళ్లారి రాయి మొదలాయ,
దండెం మీద ఆరేసిన తెల్లగుడ్డ
మాపుకంతా ఎర్రగయ్యేది.
దినానికి నాలుగుతూర్లు దులిపేదాన్ని."

నాలుగుతూర్లంటే నాలుగు బండ్లు.
రాసుకున్నాను.
నడిపోడు పుట్టింది అరవై ఆరులోనా ఏడులోనా
అంటే ఆమె వేళ్లు మడిచి, విప్పి, ఊరుకుంది.
ఆ మడిచి విప్పిన వేళ్లను
నా పట్టికలో ఎక్కడ పెట్టాలి?
తప్పు: పది శాతం అటూ ఇటూ, అని వేశాను.
లేచేటప్పుడు నవ్వింది,
"నా మోకాళ్లక్కూడా ఒక లెక్క గట్టు పాపా,
ఈ సలికాలం దాకా చాలు."

మరుసటి రోజు ఐదో గడ్డరు.
అడుగు పట్టీ అంచున ఎర్రరంగు పూసి
తుడిచి, తెల్లపొడి కొట్టి
ఒక బీడీ కాలేంతసేపు ఆగాం.
తెల్లటి దాని మీద
నూలుపోగంత ఎరుపు
తనంతట తాను పైకొచ్చింది.
తొమ్మిది మిల్లీమీటర్లు.

ఓబులేసు సుత్తి కింద పెట్టాడు.
"ఇన్నేండ్లు తట్టినా మేడమ్,
నాతో ఒక్క మాటన్నా అనలా."
చాలాసేపు దాన్నే చూశాడు,
బంధువుల పెండ్లికి పిలుపు రానివాడిలా.

పగులు కొసన గుండ్రటి బెజ్జం వేశాం.
మొన ఉన్నంతకాలమే దానికి పరుగు,
మొనను గుండ్రం చేస్తే కొన్నాళ్లు దారి మరిచిపోతుంది.
చిల్లును ఆపడానికి చిల్లు.
ఇది చదువుకున్న రోజే నాకు నచ్చలేదు,
ఇప్పటికీ ఇంతకంటే మంచిది తెలియదు.

ఈ ఏడు తెగే అవకాశం లక్షలో రెండు.
పదేళ్లకు వెయ్యిలో మూడు.
పైవాళ్లు ఫోన్లో అడిగింది ఒకటే,
"ఉంటుందా, పోతుందా?"
రెండింటికీ మధ్యనే నా ఉద్యోగమంతా.
గంటకు ఇరవై, అని బోర్డు పెట్టించాను.

పెయింటు ఆరకముందే ఎర్రగుంట్ల సిమెంటు బండి వచ్చింది,
మొదటిసారి మెల్లగా, అలవాటు లేని నడకతో.
మేం ఇసుకలో నిలబడ్డాం.
ఓబులేసు పైకి చూడలేదు,
రాతి కంభానికి అరచెయ్యి ఆనించాడు.
నేను వ్యాగన్లు లెక్కపెడుతూ
నలభై దగ్గర తప్పాను.
బండి పోతూనే ఉంది.